సింగిల్ హెడ్ ఎంబ్రాయిడరీ మిషన్, ఏడాది వాడాక: మిషన్‌కి నాలుగు, షాపుకి రెండు

మిషన్‌కి అయిదుకి నాలుగు మార్కులు, అమ్మిన షాపుకి రెండు. రెండూ కలిపి ఒక్క రేటింగ్ ఇవ్వడం అన్యాయం కాబట్టి విడదీసి చెబుతున్నాను. విజయవాడలో గానీ గుంటూరులో గానీ బ్లౌజ్ వర్క్ కోసం కంప్యూటర్ మిషన్ కొందామని తిరుగుతున్న వాళ్ళు తరచూ ఫోన్ చేస్తుంటారు, అందరూ అడిగేది "అక్కా, ఏ కంపెనీ మంచిది?" అనే. పాడైతే ఎవరు వస్తారు, ఎంతసేపట్లో వస్తారు అన్నది తేల్చుకున్నాకే కంపెనీ సంగతి చూడండి అని చెబుతున్నాను. మిగతాదంతా కింద రాస్తున్నాను, పొడుగైనా ఓపిగ్గా చదవండి, లక్షల్లో బేరం ఇది.

మాది సత్యనారాయణపురంలో బ్లౌజ్‌లు కుట్టే షాపు, వెనక గదిలో చేతి ఎంబ్రాయిడరీ మగ్గాలు. పెళ్ళిళ్ళ సీజన్‌లో మగ్గం వర్క్ చేసేవాళ్ళు దొరకరు, దొరికినా ఒక్కో బ్లౌజ్‌కి రోజులు పడుతుంది. ఇంకోపక్క వెయ్యి, పదిహేను వందల్లో వర్క్ బ్లౌజ్ కావాలనే కస్టమర్లు బాగా పెరిగారు. ఆ ధరకి చేతిపని చేయిస్తే పనివాళ్ళ కడుపు కొట్టాలి, లేదా మనం చేతి నుంచి పెట్టుకోవాలి. అందుకే మిషన్ వైపు చూశాం.

కొన్నది చైనాలో తయారై ఇక్కడి ఇంపోర్టర్ పేరుతో వచ్చే సింగిల్ హెడ్, అంటే ఒకసారికి ఒక్క బట్ట మీదే కుట్టేది. 12 సూదులు, దహావో అనే చైనా కంపెనీ కంట్రోల్ ప్యానెల్, ఒకసారి బట్ట బిగిస్తే కుట్టగల ఏరియా 400 × 500 మిల్లీమీటర్లు, ఒక పక్క చెమ్కీలు కుట్టే అటాచ్‌మెంట్, ఇంకా టోపీల ఫ్రేమ్. స్టాండ్, ఫ్రేములు, రవాణా అన్నీ కలిపి మాకు నాలుగున్నర లక్షల దగ్గర తేలింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి మిషన్లకి ఇంపోర్టర్‌ని బట్టి పేరు మారిపోతుంది, మీకు దొరికే షాపులో అదే మిషన్ మీద ఇంకో స్టిక్కర్ ఉండొచ్చు. లోపల ప్యానెల్ ఎవరిది, మోటార్లు ఎవరివి, కింద తిరుగుతూ సూది దారాన్ని పట్టుకునే హుక్ ఎక్కడిది అని అడగండి, ఇన్వాయిస్ మీద రాయించుకోండి. దహావో ప్యానెల్ ఉండటం వల్ల ఒక సుఖం ఉంది, చాలా చైనా మిషన్లలో అదే ఉంటుంది కాబట్టి దాని మీద చెయ్యి తిరిగిన ఆపరేటర్లు, మెకానిక్‌లు దొరుకుతారు.

మిషన్‌లో మొదట చూడాల్సింది ఏరియా. ధర కంటే ముందు, సూదుల లెక్క కంటే ముందు. బ్లౌజ్ చేతి అంచు కాస్త ఒళ్ళున్న వాళ్ళకి 14 అంగుళాల దాకా వస్తుంది, మోచేతి దాకా బుటీలు కావాలంటే పొడుగు పది, పదకొండు అంగుళాలు ఉండాలి. ఇళ్ళల్లో వాడే ఉషా జనోమ్ మెమరీ క్రాఫ్ట్ 450ఇ ఏరియా 200 × 280 మి.మీ., అంటే సుమారు 8 అంగుళాలకి 11. ఒకే సూది, రంగు మారిన ప్రతిసారీ మనమే దారం మార్చాలి. పిల్లల గౌన్లకి, చీర కొంగు మీద చిన్న బుటీలకి, నేర్చుకోవడానికి అది చక్కటి మిషన్. బ్లౌజ్ చేతులు రోజూ పడే షాపుకి మాత్రం సరిపోదు, ఒక చేతిని రెండుసార్లు ఫ్రేమ్‌లో బిగించి డిజైన్ అతకాలి, ఆ అతుకు ఎంత జాగ్రత్తగా చేసినా వెలుతురులో తెలుస్తుంది. బ్రదర్ వాళ్ళ ఆరు సూదుల పీఆర్680డబ్ల్యూ ఏరియా 200 × 300, పది సూదుల పీఆర్1055ఎక్స్‌ది 200 × 360. కుట్టు శుభ్రంగా పడుతుంది, చప్పుడు తక్కువ, తెర మీద అంతా బొమ్మల్లా కనిపిస్తుంది కాబట్టి ఇంగ్లీషు అంతగా రాని అమ్మాయి కూడా నేర్చుకుంటుంది. స్కూల్ యూనిఫాం లోగోలు, హాస్పిటల్ కోట్ల మీద పేర్లు మీ ప్రధాన వ్యాపారమైతే నేను ధైర్యంగా వాటి వైపే చూడమంటాను. మా పని చేతులు, వెనక మెడ. అందుకే 400 × 500కి వెళ్ళాం, రెండు చేతుల అంచులు ఒకే బిగింపులో పడుతున్నాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పాంప్లెట్‌లో రాసిన ఏరియా అంతా మనది కాదు. ఫ్రేమ్ అంచుకి సూది దగ్గర బట్టని నొక్కే మిషన్ పాదం తగలకుండా కొంత వదలాలి, అసలు ఆ ఏరియాకి సరిపడే పెద్ద ఫ్రేమ్ డబ్బాలో ఇస్తున్నారో లేదో కూడా చూడాలి. మాకు పెద్ద ఫ్రేమ్ విడిగా కొనాలన్నారు. బేరం కుదిరాక చెప్పారు ఆ మాట, బాగా గొడవ పెట్టుకుంటే గానీ కలపలేదు. ఏయే సైజుల ఫ్రేములు ఎన్నెన్ని ఇస్తారో కొటేషన్‌లో రాయించుకోండి, ఒక్కో సైజు కనీసం రెండు ఉండాలి. మిషన్ మీద ఒకటి కుడుతుండగా బల్ల మీద ఇంకోటి బిగించుకోకపోతే సగం రోజు మిషన్ ఖాళీగా నిలబడి ఉంటుంది.

స్పీడ్ దగ్గర అందరూ మోసపోతున్నారు. నిమిషానికి 1200 కుట్లు అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. రా సిల్క్ మీద మామూలు దారంతో మేం 750 దగ్గర నడుపుతాం, జరీ దారం ఎక్కిస్తే 550కి దించుతాం. అంతకంటే పెంచితే దారం తెగడం మొదలవుతుంది, తెగిన ప్రతిసారీ ఆగి ఎక్కించి వెనక్కి జరిపి కుట్టించే టైంతో ఆ పెంచిన స్పీడ్ అంతా పోతుంది. లెక్క చూడండి. 40,000 కుట్ల డిజైన్ 750 మీద 53 నిమిషాలు. రంగుల మార్పులు, దారం తెగడాలు, ఫ్రేమ్ బిగింపు కలిపితే గంటా పావు అనుకోవాలి. పెళ్ళికూతురి బ్లౌజ్ లక్షన్నర కుట్లు ఉందంటే ఒట్టి కుట్టే టైమే మూడు గంటల ఇరవై నిమిషాలు. షాపులో ఒకాయన రోజుకి పది బ్లౌజ్‌లు తీయొచ్చు మేడం అని లోన్ కిస్తీ లెక్క కూడా వేసి చూపించాడు. ఆ పది బ్లౌజ్‌లు ఎన్నేసి కుట్లవి అని అడగండి, అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు డెమో. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. షాపులో డెమో ఎప్పుడూ మందపాటి బట్ట మీద, కింద బట్ట ముడత పడకుండా ఆపే పేపర్ రెండు వరసలు వేసి, వాళ్ళు వందసార్లు కుట్టిన నెమలి డిజైన్‌తో చేస్తారు. దాని మీద ఏ మిషన్ అయినా బాగానే కుడుతుంది. మీ బట్ట మీరు పట్టుకెళ్ళండి. విజయవాడ బట్టల మార్కెట్ వస్త్రలతలో అర మీటరు చొప్పున రా సిల్క్, నెట్, జార్జెట్ తీసుకోండి, వాటితో పాటు మంగళగిరి పట్టు ముక్క ఒకటి, జరీ బోర్డర్ ఉన్నది. జరీ గట్టిగా నేసిన బోర్డర్ మీద సూది పక్కకి వంగుతుంది, విరుగుతుంది, దారం చీలుతుంది. మన కస్టమర్లు తెచ్చేవి సగం అలాంటి బట్టలే. జార్జెట్ మీద ముడతలు వస్తున్నాయా, నెట్ మీద కుట్టు లోపలికి లాగేస్తోందా చూడండి. పెన్‌డ్రైవ్‌లో మీ సొంత డిజైన్ పెట్టుకెళ్ళండి, అందులో ఒక గుండ్రటి వలయం, అయిదు మిల్లీమీటర్ల ఎత్తు అక్షరాలు, నింపిన ఆకు చుట్టూ అవుట్‌లైన్, ఆరేడు రంగులు ఉండేలా చూసుకోండి. వలయం కోడిగుడ్డులా వస్తోందా, అవుట్‌లైన్ ఆకు మీద సరిగ్గా కూర్చుందా, అక్షరాల మధ్య దారం తోకలు మిగిలిపోతున్నాయా గమనించండి.

తర్వాత బట్ట తిప్పి వెనక చూడండి. ఒత్తుగా కుట్టిన గీత వెనక మధ్యలో మూడో వంతు బాబిన్ దారం, అంటే కింద దారం, తెల్లగా కనిపించాలి, రెండు పక్కలా పై దారం ఉండాలి. వెనకంతా పై దారమే ఉంటే పైన టెన్షన్ వదులు, పైకి తెల్ల దారం తేలుతుంటే బిగువు. 12 సూదులకీ విడివిడిగా టెన్షన్ ఉంటుంది కాబట్టి రెండు సూదులు బాగా కుట్టాయని సరిపెట్టుకోకూడదు, పన్నెండూ నడిపించండి. కుడుతుండగా మధ్యలో స్విచ్ ఆపేయించండి. మళ్ళీ వేశాక ఆగిన చోటు నుంచే మొదలుపెట్టాలి, ఒక్క మిల్లీమీటరు జరిగినా బ్లౌజ్ ముక్క పోయినట్టే, ఆ పట్టు కస్టమర్‌ది. ఇవన్నీ అడిగితే షాపు వాళ్ళు మొహం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. ఇంత డబ్బు పెడుతున్నప్పుడు ఒక పూట వాళ్ళ దగ్గర కూర్చునే హక్కు మనకుంది.

మిషన్‌కి నాలుగు మార్కులు ఇవ్వడానికి కారణం ఈ పరీక్షలన్నీ అది తట్టుకుంది, ఏడాది తర్వాత కూడా కుట్టు అంతే శుభ్రంగా ఉంది. చెమ్కీల అటాచ్‌మెంట్ నేను అనుకున్న దానికంటే ఎక్కువ సంపాదించి పెట్టింది, మూడు మిల్లీమీటర్ల బంగారు చెమ్కీల వరస బ్లౌజ్ అంచున పడితే కస్టమర్ కళ్ళు అక్కడే ఆగిపోతాయి. టోపీల ఫ్రేమ్ మాత్రం అలాగే పడి ఉంది, బ్లౌజ్ షాపు వాళ్ళు దానికి డబ్బు పెట్టక్కర్లేదు. ఒక మార్కు తగ్గించింది చప్పుడుకి, అదురుకి. స్టాండ్ కాళ్ళు సరిగ్గా లెవల్ చేయకపోతే గదంతా అదురుతుంది, పై వాటాలో అద్దెకున్న వాళ్ళు ఒకసారి కిందికొచ్చి మరీ అడిగారు.

ఇక షాపు సంగతి. అమ్మేటప్పుడు మెకానిక్ విజయవాడలోనే ఉంటాడు, ఫోన్ చేస్తే పూటలో వస్తాడు అన్నారు. శ్రావణమాసంలో, సరిగ్గా వరలక్ష్మీ వ్రతం బ్లౌజ్‌లు పేరుకుపోయి ఉన్నప్పుడు, మిషన్ దారం వరసగా తెంపడం మొదలెట్టింది. సూది మార్చాం, టెన్షన్ చూశాం, హుక్ తుడిచి నూనె చుక్క వేశాం, లాభం లేదు. ఫోన్ చేస్తే మెకానిక్ హైదరాబాద్ నుంచి రావాలన్నారు. రేపు, ఎల్లుండి అంటూ వారం దాటించారు. చివరికి మా తోడికోడలు తెలిసిన వాళ్ళ ద్వారా గుంటూరు నుంచి బయటి మెకానిక్‌ని పిలిపించింది. అతను వచ్చి సూది దిగే సమయానికి హుక్ తిరిగే సమయం తప్పిందని చెప్పి, గంటలో సరిచేసి, ఎలా చూసుకోవాలో మాకు నేర్పించి మరీ వెళ్ళాడు. వారంటీ కాగితం చదివితే కంట్రోల్ బోర్డుకి, మోటార్లకి మాత్రమే అని చిన్న అక్షరాల్లో ఉంది, హుక్, దారం కోసే కత్తి, సూదులు బిగించే కడ్డీలు ఏవీ అందులో లేవు. రోజూ అరిగేవి అవే కదా. వాళ్ళు అమ్మిన తీరు నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది, ఎందుకంటే ఆ వారంలో మా చేతి నుంచి జారిపోయిన వాళ్ళలో ఎన్నో ఏళ్ళ నుంచి వస్తున్న కస్టమర్లు ఉన్నారు.

ట్రైనింగ్ కూడా అంతే. పూర్తిగా నేర్పిస్తాం అన్నారు, ఒక మధ్యాహ్నం ఒక కుర్రాడు వచ్చి దారం ఎక్కించడం, పెన్‌డ్రైవ్ పెట్టడం చూపించి వెళ్ళిపోయాడు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటూ ల్యాప్‌టాప్‌లో ఎక్కించినది తాళం పగలగొట్టిన దొంగ కాపీ. దాన్ని తీసేయించాం. డిజైన్ తయారు చేయడానికి విల్‌కామ్ కంపెనీ సాఫ్ట్‌వేర్ మంచిదే, కానీ దాని అసలు లైసెన్సు చిన్న షాపుకి భారం. మీరు డిజైన్లు కొనుక్కుని కుట్టేవాళ్ళయితే అదే కంపెనీ ఉచితంగా ఇచ్చే ట్రూసైజర్‌లో ఫైల్ తెరిచి కుట్ల లెక్క చూసుకోవడానికి, సైజు కాస్త మార్చుకోవడానికి కుదురుతుంది. సొంతంగా గీసుకోవాలనుకుంటే ఇంక్‌స్కేప్ మీద పనిచేసే ఇంక్‌స్టిచ్ ఉంది, పూర్తిగా ఉచితం. మా అమ్మాయి దాని మీదే పేర్లు, చిన్న బుటీలు చేస్తోంది. ఇంకో సంగతి, మార్కెట్‌లో అమ్మే డిజైన్లు ఎక్కువగా డీఎస్‌టీ ఫైళ్ళే, వాటిలో అసలు రంగులు ఉండవు, ఎక్కడ రంగు మారాలో మాత్రమే ఉంటుంది. డిజైన్‌తో పాటు రంగుల వరస కాగితం అడిగి తీసుకోండి, లేకపోతే ఆకులు ఎర్రగా, పువ్వులు పచ్చగా వస్తాయి.

సామాను ఖర్చు గురించి ఎవరూ ముందు చెప్పరు గానీ అది భరించలేనంత ఏమీ కాదు. డీబీ×కే5 సూదులు, మామూలు దారానికి 75/11 సైజు, జరీకి అంతకంటే పెద్ద కన్ను ఉన్నది. దారాలు, పేపర్, చెమ్కీ రీళ్ళు వన్‌టౌన్‌లో దొరుకుతాయి, హైదరాబాద్ వెళ్ళక్కర్లేదు. దారంలో మాత్రం పిసినారితనం వద్దు, చవక దారం రంగు దిగితే బ్లౌజ్‌తో పాటు చీర కూడా పోతుంది, అందుకే కొత్త రంగు ఏది తెచ్చినా తడి తెల్ల గుడ్డలో చుట్టి ఒక రాత్రి ఉంచి చూస్తాం.

మిషన్ ఎక్కడ పెడతారన్నది కొనకముందే ఆలోచించండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చి రోజుల తరబడి నిలిచిపోయాయి. కింది గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతున్న వాళ్ళు అప్పుడు ఎంత నష్టపోయారో ఈ ఊళ్ళో చెప్పక్కర్లేదు. ఆ వైపు ఉన్నవాళ్ళు కుదిరితే మొదటి అంతస్తులో పెట్టుకోండి, అయితే మెట్ల మలుపులో మిషన్ పడుతుందో లేదో టేపుతో కొలవండి, బరువు కూడా నలుగురైదుగురు పట్టాలి. ఇన్సూరెన్స్ చేయించేటప్పుడు వరద నష్టం అందులో ఉందో లేదో నోటిమాటగా కాక కాగితం మీద చూడండి. ఎర్తింగ్ కొత్తగా వేయించండి, పాత ఇళ్ళల్లో పేరుకే ఉంటుంది, బోర్డు కాలితే షాపు వాళ్ళు మొదట అనేది మీ ఎర్తింగ్ బాగాలేదనే. కరెంటు పోయినా కుట్టు ఆగకుండా యూపీఎస్ పెట్టుకుంటే మంచిది.

డబ్బు విషయానికొస్తే, కొత్తగా యూనిట్ పెట్టేవాళ్ళు మిషన్ కొనేముందే పీఎంఈజీపీకి, అంటే కొత్త చిన్న యూనిట్లకి సబ్సిడీతో లోన్ ఇప్పించే కేంద్ర పథకానికి, అప్లై చేయాలి, ముందే నడుస్తున్న వాటికి ఆ మొదటి లోన్ రాదు. ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకి పట్టణంలో 25 శాతం, పల్లెలో 35 శాతం సబ్సిడీ, మిగతావాళ్ళకి 15, 25. కాబట్టి గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో పెట్టే ఆడవాళ్ళకి బాగా కలిసొస్తుంది. సబ్సిడీ వెంటనే చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి తర్వాత లోన్‌లో తగ్గుతుంది. మాది పాత షాపు కాబట్టి చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోన్‌లో కిశోర్ అనే రకం కింద తీసుకున్నాం, అది 5 లక్షల దాకా. చిన్న పరిశ్రమగా పేరు నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి డబ్బులు అడిగేవాళ్ళకి ఇవ్వకండి.

మిషన్ వస్తే మగ్గం మూలపడుతుందేమోనని మా దగ్గర పనిచేసేవాళ్ళు భయపడ్డారు, నాకూ అదే దిగులుగా ఉండేది. అలా కాలేదు. జర్దోసీ, కుందన్, రాళ్ళు, ముడుల కుట్టు ఈ మిషన్ చేయలేదు, చేసినట్టు కనిపించే డిజైన్లు దగ్గర్నుంచి చూస్తే చదునుగా ఉంటాయి. ఇప్పుడు తీగలు, ఆకులు, నింపుడు పని మిషన్ మీద వేసి, పూసలు, కుందన్ మగ్గం మీద వేయిస్తున్నాం. చేతి పనివాళ్ళ కళ్ళకి శ్రమ తగ్గింది, బ్లౌజ్ తొందరగా అవుతోంది, వాళ్ళ కూలీ మాత్రం తగ్గించలేదు. కస్టమర్‌కి ఏది మిషన్ పనో, ఏది చేతి పనో విడదీసి చెప్పి బిల్లు రాస్తాం. కంప్యూటర్ వర్క్‌ని మగ్గం వర్క్ అని అమ్మే షాపులు ఉన్నాయి, అది నాకు అస్సలు నచ్చదు.

నెలకి పాతిక, ముప్ఫై వర్క్ బ్లౌజ్‌లైనా రాని షాపు అయితే ఇప్పుడే కొనొద్దంటాను, బయట జాబ్ వర్క్ చేసేవాళ్ళ దగ్గర కుట్టించుకోండి. సెకండ్ హ్యాండ్ చవకగా వస్తోందని చూసేవాళ్ళు మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళి హుక్, సూదులు బిగించే కడ్డీల అరుగుదల చూపించండి, పైకి పెయింట్ కొత్తగా ఉందని నమ్మకండి. కొత్తది తీసుకునేవాళ్ళు అడ్వాన్స్ ఇచ్చేముందు షాపు వాళ్ళ దగ్గర కొని కనీసం ఏడాది అయిన ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు అడగండి, వాళ్ళతో మీరే మాట్లాడి, చివరిసారి మిషన్ ఆగినప్పుడు మెకానిక్ ఎన్నాళ్ళకి వచ్చాడో కనుక్కోండి. నంబర్లు ఇవ్వడానికి నసిగితే ఆ షాపులో అడ్వాన్స్ కట్టకండి.